ఆవఘాటు ఎంతవరకు కాస్తుంది?



ఎండాకాలంలో ఇంట్లో ఆవకాయకు ఆవాలు దంచుతుంటే పక్కగదిలో ఉన్నవాళ్లకు కూడా కళ్లు మండుతాయి. అవే ఆవాలను డబ్బాలోంచి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసనేమీ ఉండదు. గింజ లోపల రెండు పదార్థాలు విడివిడిగా ఉంటాయి. ఒకదాని పేరు సినిగ్రిన్. రెండోది మైరోసినేజ్ అనే ఎంజైము. గింజ నలిగి కాస్త తడి తగలగానే ఆ రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది ఘాటు. రసాయన శాస్త్రంలో దాన్ని అల్లైల్ ఐసోథయోసయనేట్ అంటారు. తనను కొరికే పురుగును తరిమికొట్టడానికి మొక్క సిద్ధం చేసుకున్న ఆయుధం అది. ఆ ఆయుధం బూజు మీద, చాలా రకాల బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది.

పోపులో వేసిన ఆవాల సంగతి వేరు. కాగిన నూనె తగలగానే ఎంజైము పాడైపోతుంది. చిటపటలాడిన ఆవగింజకు కమ్మదనం వస్తుంది కానీ ఆ ఘాటు పుట్టదు, ఘాటుతో వచ్చే కాపలా కూడా ఉండదు. ఆవకాయలో ఆవపిండిని పచ్చిగా కలుపుతాం కాబట్టి ఆ శక్తి జాడీలోకి చేరుతుంది.

మొక్కలనుంచి వచ్చే ఇలాంటి పదార్థాలతో మన తిండిని సూక్ష్మజీవులనుంచి ఎంతవరకు కాపాడుకోవచ్చు, వాటికి తోడుగా ఇప్పుడు వస్తున్న కొత్త పద్ధతులు ఏం చేయగలవు, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది ఈ పూట నేను మాట్లాడదలచుకున్న విషయం.

ముందు తిండి కలుషితం కావడమన్న సమస్య తీవ్రత ఎంతో చూద్దాం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అంచనా ప్రకటించింది. కలుషితమైన తిండి వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారు. 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారు. వాళ్లలో 1 లక్షా 25 వేల మంది అయిదేళ్లు నిండని పిల్లలు. పెద్దవాళ్లకు రెండు రోజుల నీరసంతో పోయే విరేచనాలు పసిబిడ్డకు ప్రాణం మీదికి తెస్తాయి. అనుకూలమైన వెచ్చదనం దొరికితే కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పొద్దున ఎనిమిదింటికి గిన్నెలో ఒక్కటే ఉందనుకోండి. ఆ వేగమే కొనసాగితే సాయంత్రం నాలుగింటికి కోటీ 67 లక్షలు అవుతాయి. వాసన మారకపోవచ్చు, రుచి మారకపోవచ్చు. వండినవాళ్లకు అనుమానం కూడా రాదు.

ఇప్పుడు ఆవకాయ జాడీలో ఎవరెవరు ఏ పని చేస్తున్నారో చూద్దాం. మామిడికాయ పులుపు ఆమ్లాన్ని ఇస్తుంది. ఉప్పు నీటిని పట్టి ఉంచి, బ్యాక్టీరియాకు అందనివ్వదు. పైన తేలే పప్పునూనె గాలిని అడ్డుకుంటుంది, గాలి లేకపోతే బూజు పెరగలేదు. ఆవపిండి తన ఘాటుతో మిగిలిన వాటిని అణచిపెడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఏడాదిపాటు పచ్చడిని నిలపలేదు. ఉప్పునీళ్లలో బతకగల జీవి పులుపు దగ్గర ఆగుతుంది, పులుపును తట్టుకున్నది ఘాటు దగ్గర ఆగుతుంది. జర్మనీలో కుల్మ్‌బాఖ్ అనే ఊళ్లో మాంస పరిశోధన కేంద్రంలో పనిచేసిన లోథర్ లైస్ట్నర్ అనే శాస్త్రవేత్త 1970లలో ఈ సూత్రానికి హర్డిల్ అనే పేరు పెట్టాడు. పరుగుపందెంలో వరసగా నిలబెట్టే హర్డిల్స్‌లాగా సూక్ష్మజీవి ముందు రకరకాల అడ్డంకులు పెట్టుకుంటూ పోవాలి. మొదటిదాన్ని దాటినా మూడోదాని దగ్గరికి వచ్చేసరికి దానికి శక్తి ఉండకూడదు.

ఈ సూత్రం తెలిస్తే ఈమధ్య ఇళ్లలో జరుగుతున్న ఒక మార్పు గురించి జాగ్రత్తపడతాం. రక్తపోటు ఉన్నవాళ్లకు డాక్టర్లు ఉప్పు తగ్గించమంటారు. సరైన సలహాయే. దాంతో కొందరు పచ్చడిలోనే ఉప్పు సగానికి సగం తగ్గిస్తున్నారు, నూనె కూడా తగ్గిస్తున్నారు. తగ్గించి, పాత పద్ధతిలోనే ఏడాదంతా అలమరలో ఉంచుతున్నారు. రెండు అడ్డంకులు తీసేసినప్పుడు వాటి చోట వేరొకటి పెట్టాలి. ఉప్పు తగ్గించిన పచ్చడిని కొద్దికొద్దిగా పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి. లేదంటే పచ్చడిని సరైన ఉప్పుతోనే పెట్టి, అన్నంలో తక్కువ వేసుకోవాలి.

ఆవాల తర్వాత చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. లవంగ తైలంలో ఎక్కువ భాగం యూజెనాల్ అనే పదార్థం. పంటినొప్పికి లవంగం నొక్కిపెట్టుకుంటే తిమ్మిరెక్కించేది అదే. వాములో థైమాల్, దాల్చినచెక్కలో సినమాల్డిహైడ్. వెల్లుల్లిలో రెబ్బ నలిగిన తర్వాత పుట్టే అల్లిసిన్. ఈ తైలాలు కొవ్వులో కరిగే స్వభావం గలవి. బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే పలుచని పొర కూడా కొవ్వుతో తయారైందే. తైలం ఆ పొరలోకి దూరి దాన్ని వదులు చేస్తుంది. లోపలున్న పొటాషియం, కణానికి శక్తినిచ్చే అణువులు బయటికి కారిపోతాయి. కణం చచ్చిపోతుంది. అయితే సాల్మొనెల్లా, ఈ. కోలై లాంటి వాటికి ఆ పొర బయట ఇంకో పొర అదనంగా ఉంటుంది. అందుకని అవి ఈ తైలాలకు అంత తేలిగ్గా లొంగవు. మనుషుల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవాటిలో ఆ రెండూ ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. ప్రయోగశాలలో పల్చటి పోషక ద్రవంలో పరీక్షించినప్పుడు ఈ తైలాలు చాలా తక్కువ మోతాదులోనే అద్భుతంగా పనిచేస్తాయి. పత్రికల్లో మనం చదివే వార్తలు చాలావరకు ఆ పరీక్షల గురించే. అదే తైలాన్ని మాంసంలోనో, మీగడ ఉన్న పాలలోనో, జున్నులోనో కలిపితే అక్కడున్న కొవ్వు, మాంసకృత్తులు దాన్ని తమవైపు లాగేసుకుంటాయి. బ్యాక్టీరియా దగ్గరికి చేరేది కొద్దిగానే. అదే ఫలితం రావాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ తైలం వేయాలి. అంత వేస్తే తిండి నోట పెట్టుకోలేం. లవంగం వాసన గుప్పుమనే పెరుగు ఎవరు తింటారు?

దీనికి పరిష్కారాలు వెతుకుతున్నారు. తైలాన్ని కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా విడగొట్టి నీళ్లలో కలిసేలా చేయడం ఒక దారి. ఆహారంలో అసలు కలపకుండా ప్యాకెట్ లోపలి గాలిలోకి ఆవిరిగా వదలడం ఇంకో దారి. జపాన్‌లో ఆవాల ఘాటునే అలా వాడుకుంటున్నారు. ఆ పదార్థాన్ని పట్టించిన చిన్న రేకునో పొట్లాన్నో ఆహారం పెట్టిన డబ్బాలో పెడతారు. అది నెమ్మదిగా ఆవిరవుతూ బూజును ఆపుతుంది. తిండికి తగిలేది చాలా తక్కువ కాబట్టి రుచి పెద్దగా మారదు. నాకు ఈ ఆవిరి పద్ధతి చాలా తెలివైనదిగా అనిపిస్తుంది. మొక్క కూడా తన ఆయుధాన్ని అవసరమైనచోట అవసరమైనంతే వాడుతుంది కదా.

సూక్ష్మజీవుల్ని ఎంతవరకు చంపితే చాలు అన్నది తెలియాలంటే అమెరికాలో జరిగిన ఒక సంఘటన చెప్పాలి. 1996 అక్టోబరులో అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లోను, పక్కనున్న కెనడాలోను యాపిల్ రసం తాగిన 60 మందికి పైగా జబ్బుపడ్డారు. కొలరాడో రాష్ట్రంలో 16 నెలల పాప చనిపోయింది. ఆ రసం కాచినది కాదు. కాస్తే తాజా రుచి పోతుందని కంపెనీ కాచకుండా అమ్మింది, జనం కూడా సహజమైనదని ఇష్టపడి కొన్నారు. అందులో ఈ. కోలై జాతిలో చాలా ప్రమాదకరమైన ఓ157 రకం చేరింది. యాపిల్ రసం పుల్లనిది, పులుపులో సూక్ష్మజీవులు బతకవని అప్పటిదాకా చాలామంది నమ్మారు. ఇది బతికింది.

ఆ తర్వాత పరిశోధకులు రకరకాల ఉపాయాలు వెతికారు. 1999లో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు యాపిల్ రసంలో దాల్చినచెక్క పొడి కలిపి చూశారు. ప్రతి వందపాళ్ల రసానికి పొడి ఒక పాలులో మూడో వంతు కూడా లేదు. 10 లక్షల బ్యాక్టీరియా వేసిన రసంలో మూడు రోజుల్లో 99.5 శాతం చచ్చిపోయాయి. వంటింట్లో దొరికే చెక్కపొడికి అది చిన్న విజయం కాదు. కానీ లెక్క పూర్తిగా వేసి చూడండి. 10 లక్షల్లో 99.5 శాతం పోతే మిగిలేవి 5 వేలు. ఓ157 రకం వందలోపు కణాలు కడుపులోకి పోయినా జబ్బు చేయగలదు. 2001లో అమెరికా ప్రభుత్వం రసాల తయారీదారులకు పెట్టిన నిబంధన ఏమిటంటే, ఏ పద్ధతి వాడినా సరే, లక్ష ఉన్నచోట ఒకటి మించి మిగలకూడదు. అంటే 99.999 శాతం. 99.5కీ 99.999కీ మధ్య చూడటానికి అర శాతమే తేడా. ఆ అర శాతంలోనే పసిబిడ్డల ప్రాణాలున్నాయి.

అందుకే ఫలానా ఆకు బ్యాక్టీరియాను చంపుతుందని ఎవరైనా చెప్పినప్పుడు, ఎన్నింటిని మిగులుస్తుందని అడగాలి. ఎంత మోతాదులో, ఎంతసేపట్లో, ఏ ఆహారంలో అని అడగాలి. ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని మాటను ప్రచారం కిందే జమకట్టాలి.

వేడి దేశాల వంటల్లో మసాలాలు ఎక్కువ ఉండటానికి కారణం ఈ సూక్ష్మజీవుల భయమేనన్న వాదన మీరు వినే ఉంటారు. 1998లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జెన్నిఫర్ బిల్లింగ్, పాల్ షెర్మన్ ఆ మాట గట్టిగా చెప్పారు. 36 దేశాల వంటపుస్తకాల్లోంచి 4,578 మాంసం వంటకాలు తీసి పరిశీలించి, ఎండ ఎక్కువున్న దేశాల్లో సూక్ష్మజీవుల్ని అణచే మసాలాలు ఎక్కువ వాడతారని తేల్చారు. మనకు వినసొంపుగా ఉండే మాట అది. అయితే 2021లో లిండెల్ బ్రోమమ్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త, ఆమె సహచరులు 70 రకాల వంట సంప్రదాయాల్లోంచి 33,750 వంటకాలు తీసి మళ్లీ లెక్కలు వేశారు. ఆ వాదన నిలవడానికి బలమైన ఆధారం కనిపించలేదన్నారు. మన గుంటూరు కారం మన ఆరోగ్యం కోసమే పుట్టిందని చెప్పుకోవడం బాగుంటుంది. ఆధారాలు మాత్రం అటు మొగ్గడం లేదు. ఇంతకీ మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చి అయిదు వందల ఏళ్లే అయింది.

వెల్లుల్లి గురించి ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు వెళ్లలేను. షెర్మన్ బృందం అత్యంత శక్తిమంతమైన వాటిలో ఒకటిగా లెక్కించింది వెల్లుల్లినే. 1985లో కెనడాలోని వాంకూవర్ నగరంలో ఒక హోటల్లో తిన్న 36 మందికి బోటులిజం వచ్చింది. చూపు మసకబారి, మింగుడు పడక, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు కూడా పనిచేయకుండా పోయే జబ్బు అది. కారణమేమిటని వెతికితే, నూనెలో నానబెట్టిన తరిగిన వెల్లుల్లి సీసా దగ్గర తేలింది. ఆ సీసాను ఫ్రిజ్ బయట ఉంచారు. బోటులిజం తెచ్చే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. గట్టి కవచం కట్టుకున్న సిద్ధబీజాల రూపంలో వెల్లుల్లితోపాటు వస్తుంది. దానికి గాలి గిట్టదు. పైన నూనె పోసి గాలి లేకుండా చేశారు. వెల్లుల్లిలో పులుపు లేదు, ఆ సీసాలో దాన్ని ఆపేంత ఉప్పూ లేదు. ఆ జీవికి ఏం కావాలో అన్నీ అమర్చినట్టయింది. అల్లిసిన్ దాన్ని ఆపలేకపోయింది. 1989లో అమెరికాలో మళ్లీ అలాంటిదే జరిగాక, నూనెలో వేసి అమ్మే వెల్లుల్లికి ఆమ్లం తప్పనిసరిగా కలపాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. పీహెచ్ 4.6కు దిగువన, అంటే తగినంత పులుపులో, ఆ జీవి పెరగలేదు.

మన వెల్లుల్లి పచ్చడిలో నిమ్మరసం, ఉప్పు దండిగా పోస్తాం. అవే దాన్ని కాపాడుతున్నాయి. కానీ ఇంట్లో పచ్చి వెల్లుల్లి రెబ్బల్ని ఉత్త నూనెలో వేసి వారాల తరబడి గట్టు మీద పెట్టుకునే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానండి. నాలుగు రోజులకు సరిపడా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఇక కొత్త పద్ధతులు. పాశ్చర్ కాలం నుంచి సూక్ష్మజీవుల్ని చంపడానికి మనం ప్రధానంగా నమ్ముకున్నది వేడినే. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచితే చాలు, జబ్బులు తెచ్చేవి పోతాయి. పాలకు అది బాగా నప్పింది. పండ్ల రసానికి, కొబ్బరినీళ్లకు, పచ్చి కూరగాయలకు వేడి తగిలితే రుచి మారిపోతుంది. అందుకని వేడి లేకుండా చంపే దారుల కోసం వందేళ్లకు పైగా వెతుకులాట సాగింది.

వాటిలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఒత్తిడి. 1899లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బెర్ట్ హైట్ అనే ఆయన పాలను విపరీతమైన ఒత్తిడికి గురిచేసి, అవి మామూలుకంటే ఎక్కువ రోజులు పాడవకుండా ఉన్నాయని చూపించాడు. అంత ఒత్తిడిని రోజూ భరించే యంత్రాలు అప్పట్లో లేవు. ఆ ఆలోచన తొంభై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1990లో జపాన్‌లో ఒత్తిడితో శుద్ధి చేసిన పండ్ల జాములు దుకాణాల్లోకి వచ్చాయి. రసాన్ని సీసాలో పోసి మూతపెట్టేస్తారు. ఆ సీసాలను మందపాటి ఉక్కు గదిలో పెట్టి, చుట్టూ నీళ్లు నింపి, ఆ నీటి ఒత్తిడిని సుమారు ఆరు వేల వాతావరణాల దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి ఆరు వేల రెట్ల దాకా పెంచుతారు. భూమ్మీద అత్యంత లోతైన మరియానా అగాధం అడుగున ఉండే ఒత్తిడి సుమారు వెయ్యి వాతావరణాలు. దానికి దాదాపు ఆరింతలన్నమాట. ఒత్తిడి అన్ని వైపులనుంచీ సమంగా ఉంటుంది కాబట్టి సీసా నలగదు. కొన్ని నిమిషాల్లో బ్యాక్టీరియా పొరలు, వాటిలోని మాంసకృత్తులు దెబ్బతింటాయి. విటమిన్లు, రంగు, వాసన ఇచ్చే చిన్న అణువుల బంధాలు మాత్రం తెగవు. రసం తాజా రసంలాగానే ఉంటుంది. యాపిల్ రసం దుర్ఘటన తర్వాత పెట్టిన లక్షకు ఒకటి నిబంధనను చాలా రసాల విషయంలో ఈ పద్ధతి అందుకోగలిగింది.

దీనికీ హద్దుంది. సిద్ధబీజాలు ఆ ఒత్తిడికి చావవు. పుల్లటి రసంలో అవి ఎలాగూ మొలకెత్తవు కాబట్టి ఇబ్బంది లేదు. కొబ్బరినీళ్లలో పులుపు తక్కువ. ఒత్తిడితో శుద్ధి చేసి సీసాకెత్తినా తయారీనుంచి తాగేదాకా చల్లదనం తప్పకూడదు. కోనసీమలో సీసా నింపి హైదరాబాదు చేర్చేలోపు లారీలో కూలింగు పోయిందంటే, మూత తీయని సీసాను కూడా నమ్మలేం.

మొక్కల తైలాలు, ఒత్తిడి కలిసినప్పుడు మాత్రం రెండింటి బలమూ పెరుగుతుంది. ఒత్తిడికి వదులైన పొరలోంచి యూజెనాల్, థైమాల్ వంటివి సులువుగా లోపలికి పోతాయి. దాంతో తైలం తక్కువ సరిపోతుంది, ఒత్తిడీ తక్కువ చాలు. బయట అదనపు పొర ఉన్న ఈ. కోలై లాంటివి లొంగే అవకాశం ఇక్కడ పెరుగుతుంది. రుచి పాడయ్యేంత తైలం వేయాల్సి రావడమే ఇంతకుముందు మనకు ఎదురైన చిక్కు. ఈ జోడీ ఆ చిక్కునే సడలిస్తుంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగిస్తున్నది ఈ కలయికే. ఇలాంటి జోడీ ఇంకోటీ ఉంది. పసుపులోని కుర్కుమిన్ మీద నీలికాంతి పడితే అది చుట్టూ ఉన్న బ్యాక్టీరియాను దెబ్బతీసే పదార్థాలను పుట్టిస్తుంది. దాన్ని పండ్ల, కూరగాయల ఉపరితలం శుభ్రం చేయడానికి వాడొచ్చా అని పరీక్షిస్తున్నారు. క్షణంలో అతి చిన్న భాగంపాటు విద్యుత్ షాకులిచ్చి కణాల పొరలకు చిల్లులు పెట్టడం, అతినీలలోహిత కాంతి, చల్లని ప్లాస్మా వంటివీ ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో ఆహారానికి నప్పుతుంది.

ఇంతసేపూ మసాలా కాపలాదారు అన్నట్టుగా మాట్లాడాను. ఆ మసాలాయే సూక్ష్మజీవుల్ని మోసుకొస్తే? మన ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరి సమస్య ఇదే.

మిరప కోసి కల్లంలో నేలమీద ఆరబోస్తారు. రాత్రి మంచు పడుతుంది. అకాల వర్షం పడితే కుప్పలు తడుస్తాయి. కోళ్లు, కుక్కలు, ఎలుకలు తిరుగుతాయి. సంచుల్లోకి తొక్కేటప్పుడు కాయ విరగకూడదని కొన్నిచోట్ల నీళ్లు చల్లుతారు. తేమ 11 శాతం లోపుకు దిగాల్సిన కాయ అంతకంటే తడిగా సంచిలోకి పోతుంది. అక్కడ ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ వేరుశనగ చెక్క తిన్న లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుకుతుండగా బయటపడిన విషం అది. మనుషుల్ని ఏం చేస్తుందో మన దేశం కూడా చూసింది. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్న గిరిజనులకు కామెర్లు వచ్చాయి. 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. ఆ తిండే తిన్న ఊరి కుక్కలు కూడా చచ్చాయి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి, కారణం అఫ్లాటాక్సిన్ అని గుర్తించి, 1975లో ప్రపంచానికి చెప్పారు. తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ఈ విషం కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు వేరుశనగలో దీన్ని తక్కువ ఖర్చుతో పట్టుకునే పరీక్ష తయారుచేశారు. వంట వేడికి ఇది పోదు. కారంలో ఒకసారి చేరిందంటే కూరలో ఎంత ఉడికించినా ఉంటుంది.

మసాలాల్లో ఉండే సాల్మొనెల్లాను చంపడానికి ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువును వాడుతూ వచ్చారు. అది క్యాన్సర్ కారకం. 2020 సెప్టెంబరులో మన దేశం నుంచి వెళ్లిన నువ్వుల్లో దాని అవశేషాలు బెల్జియంలో దొరికాయి. యూరప్ అంతటా నువ్వులు చల్లిన బ్రెడ్డు, బిస్కట్లు పెద్దఎత్తున వెనక్కి తీసుకున్నారు. 2024లో మన మసాలా పొడులకు హాంకాంగ్, సింగపూర్‌లలో అదే జరిగింది. ఒక ప్రమాదాన్ని తీయబోయి ఇంకో ప్రమాదాన్ని పెట్టడం మంచి పద్ధతి కాదు. దానికి బదులు ఆవిరితో శుద్ధి చేయొచ్చు, కిరణాలతో శుద్ధి చేయొచ్చు.

కిరణాలనగానే జనానికి భయం. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలు మూసిన సంచిలోంచి దూసుకుపోయి సూక్ష్మజీవుల డీఎన్‌ఏను తెంపుతాయి. ఆహారంలోని అణువులను రేడియోధార్మికంగా మార్చేంత శక్తి వాటికి లేదు. 1980లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 10 కిలోగ్రేల సగటు మోతాదు వరకు ముప్పు లేదని తేల్చింది. నవీ ముంబయిలోని వాశిలో 2000 సంవత్సరం నుంచి మసాలాలను ఇలా శుద్ధి చేసే ప్లాంటు నడుస్తోంది. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో ఉల్లికి ఇంకోటి ఉంది. 2007లో అమెరికా మన దేశపు మామిడిని మళ్లీ రానిచ్చింది, పండ్లను కిరణాలతో శుద్ధి చేసి పంపాలన్న షరతు మీద. టెంకలో దాక్కునే పురుగు అక్కడికి రాకూడదని ఆ షరతు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో మన పిల్లలు అపురూపంగా కొనుక్కుని తినే మన దేశపు మామిడిపండు అలా వెళ్లినదే. అక్కడ మనవాళ్లు నిశ్చింతగా తింటున్న పద్ధతికి ఇక్కడ భయపడాల్సిన పని లేదు. శుద్ధి చేసిన ఆహారం మీద ఆకుపచ్చని గుండ్రటి గుర్తు, దాని పేరు రాడురా, వేయాలన్నది నిబంధన. కొనేవాళ్లకు ఆ విషయం తెలిసే తీరాలి.

అయితే గామా కిరణాలు బూజును చంపుతాయి కానీ, ఆ మోతాదుల్లో అది అప్పటికే వదిలిన అఫ్లాటాక్సిన్‌ను తీసేయలేవు. లవంగ తైలం, వాము తైలం కూడా అంతే. బూజు పెరగకుండా ఆపగలవు, పుట్టిన విషాన్ని వెనక్కి లాగలేవు. ఎన్ని కోట్ల యంత్రాలు తెచ్చి పెట్టినా పని మొదలుకావలసింది మిరప కోసిన మొదటి వారంలోనే. రైతుకు కావలసినవి మందపాటి పట్టాలు, కల్లానికి సిమెంటు చప్టా, వాన వస్తే కప్పడానికి బరకాలు, వీలైతే నలుగురు కలిసి వాడుకునే సోలార్ డ్రయ్యరు, కాయలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరు. తాలుకాయలను విడిగా ఏరి, వాటిని కారంలో కలపకుండా చూసే మిర్చి యార్డు కావాలి. ఆ తేమ మీటరు చూపించిన అంకెను బట్టి ధరలో నాలుగు రూపాయలు ఎక్కువిస్తే ఏ రైతూ నీళ్లు చల్లడు.

వాశిలో ఉన్నలాంటి ప్లాంటుకు లారీలో సరుకు పంపే స్తోమత పెద్ద ఎగుమతిదారులకు ఉంది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డులకు దగ్గర్లో ఆవిరితోనో కిరణాలతోనో శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉండి, కిలో చొప్పున రుసుం కట్టి చిన్న మిల్లరు కూడా వాడుకునే వీలుంటే, ఎగుమతి సరుకుకు జరిగే శుద్ధి మన ఊరి కిరాణా కొట్లో దొరికే కారప్పొడికీ జరుగుతుంది. రాబోయే కోతలు మొదలయ్యేలోపు మీ మండలంలో వ్యవసాయ అధికారిని కలిసి పట్టాలు, తేమ మీటర్ల గురించి అడగండి. రైతు ఉత్పత్తిదారుల సంఘంలో ఉన్నవాళ్లయితే మీటరు ఒక్కటి సంఘం పేరు మీద కొని ఊళ్లో అందరికీ తిప్పవచ్చు.